షూటింగు నాటి బోణీ

నడుస్తున్న షూటింగులోంచి, కెమెరా ఎదురుగా ఉన్న అలమరలోంచి, ఇరవైనాలుగు సీసాల ఉసిరికాయ పచ్చడి దించి అమ్మేసిన వ్యాపారి అమెరికా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈ ఘనత గురించి ఎన్ని గృహప్రవేశాల్లో, ఎన్ని పుట్టినరోజు విందుల్లో, కాగితం ప్లేటు చేత్తో పట్టుకుని ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ చివర్న ఒక మాట తగిలించేవాణ్ణి: ఆ సీసాలు నేను అమ్మబట్టే ఆ అమ్మాయి అంత పెద్ద డైరెక్టరయిందని.

మొన్న ఆదివారం మా అమ్మాయి కాలేజీ నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురూ సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఏదో కొత్త సీరియల్ పెట్టుకున్నారు. ఇప్పుడు సీరియల్ అంటే వారమంతా ఎదురుచూసేది కాదు గదా, కూర్చున్న చోటే పది భాగాలూ చూసేస్తారు; ఒకటి అయిందో లేదో తెర మూలన అంకెలు తగ్గుకుంటూ వచ్చి రెండోది మొదలైపోతుంది. ఆ అంకెలు తగ్గే ఐదారు క్షణాల్లో నాకొక పేరు కనబడింది. దర్శకత్వం అన్న చోట. ఈవిడ మన కొట్టు మీద వాటాలోనే ఉండేదని నోరు జారాను. ఆడపిల్లలిద్దరూ గిరుక్కున తిరిగారు. "రియల్లీ అంకుల్? మీకు ఆవిడ తెలుసా?" మా అమ్మాయి మాత్రం దిండు మొహానికి అడ్డం పెట్టుకుని, "నాన్నా, ప్లీజ్, ఆ పచ్చడి స్టోరీ వద్దు" అంది.

చెప్పలేదు. అమ్మాయి వద్దన్నందుకు కాదు. ఆ కథకు నేను తగిలిస్తూ వచ్చిన చివరి మాట తప్పని రెండేళ్ళుగా నాకు తెలుసు. నోటితో చెబితే మళ్ళీ అలవాటు కొద్దీ అదే దొర్లుతుందేమోనన్న భయంతో, ఈసారి కాగితం మీద, నా ఈడువాళ్ళ ముందు, మొదటినుంచి చెప్పుకుంటున్నాను.

మాది చీరాల. నాన్నగారిది బట్టల కొట్టు, పక్క కొట్టు పెదనాన్నది, ఎదురు కొట్టు మేనమామది. ఎదుటివాడు ధర చెప్పగానే గుండె పట్టుకున్నట్టు మొహం పెట్టడం, బేరం కుదరదని తెలిసినప్పుడు మెట్లు దిగబోతున్నవాణ్ణి మూడో మెట్టు మీద వెనక్కి పిలవడం, ఇవన్నీ మా ఇంట్లో పిల్లలకు అక్షరాలతోపాటే వచ్చేవి. అక్క మాకోసం ఎప్పుడో వేసిన వీసా పిటిషన్ రెండువేల ఒకటిలో ఫలించి, నలభయ్యో ఏట, భార్యనూ ఏడేళ్ళ పిల్లనూ తీసుకుని అమెరికా వచ్చి, జెర్సీ సిటీలో మనవాళ్ళ కొట్లన్నీ వరుసగా ఉండే వీధిలో మా బావగారి సరుకుల దుకాణంలో చేరాను. సముద్రం దాటి వచ్చి మళ్ళీ గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

కొట్టు మీద రెండు గదుల వాటాలో ఒక అమెరికన్ అమ్మాయి అద్దెకుండేది. ముప్పై ఏళ్ళుంటాయి. న్యూయార్కులో తీసే ఒక పోలీసు సీరియల్లో కంటిన్యుటీ చూసే ఉద్యోగం. అంటే, ఒకే సన్నివేశాన్ని ముక్కలు ముక్కలుగా పొద్దున కొంత, మధ్యాహ్నం కొంత తీస్తారు గదా, పొద్దున ముక్కలో కప్పులో కాఫీ సగం ఉంటే మధ్యాహ్నం ముక్కలోనూ సగమే ఉండాలి. చొక్కా పైబొత్తం ఊడి ఉంటే ఊడే ఉండాలి. అది కనిపెట్టి చూడటమే ఈ పిల్ల పని. ఆ చూపు కొట్లోకి వచ్చినా మారేది కాదు. కందిపప్పు కొనడానికి వచ్చి, నిన్న ఆ ఇంగువ డబ్బాలు పై అరలో ఉండేవి కదా అనేది. నిజంగానే ఉండేవి. ఈ పిల్ల మన ఇళ్ళల్లో పుట్టవలసింది బావగారూ అని నేను మురిసిపోయేవాణ్ణి. ఆవిడకు సరుకు కదలకూడదని, మనకు సరుకు కదలాలి, అలమర మాత్రం కదలనట్టు నిండుగా కనబడాలని, ఈ తేడా అప్పటికి నా బుర్రకు తట్టలేదు.

రెండేళ్ళు దాచుకున్న జీతంతో ఆ అమ్మాయి సొంతంగా ఒక చిన్న సినిమా మొదలుపెట్టింది. అందులో భార్య పోయిన ఒక ముసలాయన ఉంటాడు. బతికుండగా ఆవిడ వంటలో ఏదో ఒకటి వేసేది, అది మనలాంటి కొట్లోనే కొనేది, దాని పేరేమిటో ఈయనకు తెలియదు. కొట్లోకి వచ్చి, పేరు తెలియని ఆ వస్తువును అడగడానికి భార్య గురించి చెప్పడం మొదలుపెడతాడు. సినిమాకు గుండెకాయ ఆ సన్నివేశమే. దానికి మా కొట్టు ఒక్క రోజు కావాలని అడిగింది.

బేరం నేనే ఆడాను. సోమవారం ఎలాగూ సెలవు, అయినా పండగ రోజుల్లో కొట్టు మూయడమంటే మాటలా అని గుండె పట్టుకున్నాను. ఆ అమ్మాయి నిజమనుకుంది. కొసరు కింద మా బోర్డు తెరమీద కనబడాలన్నాను, ఒప్పుకుంది. గల్లాపెట్టె దగ్గర దుకాణదారుగా నేనే నిలబడతానన్నాను, నవ్వి దానికీ ఒప్పుకుంది. భోజనాల వేళ తన మనిషినొకణ్ణి కొట్లో కాపలా ఉంచుతానంది. సరుకు మధ్య పరాయి మనిషినా, వీల్లేదు, నేనే ఉంటానన్నాను. చివరికి ఆవిడ అడిగింది ఒక్కటే: పొద్దున మొదలుపెట్టిన దగ్గర్నుంచి తను చాలనేదాకా అలమరలో ఏదీ కదలకూడదు. ఓస్ ఇంతేనా అనుకుని చెయ్యి కలిపాను.

ముసలాయన వేషానికి నాటకాల్లో జీవితమంతా గడిపిన ఒక పెద్దాయనను ఒప్పించింది. ఎనభై దాటినవాడు. పైసా తీసుకోకుండా ఒక్క రోజు ఇచ్చాడు, అదీ ఆ సోమవారమే, ఎందుకంటే చలి పడదని డాక్టర్లు చెప్పగా మంగళవారం ఉదయానే ఫ్లోరిడాలో కూతురింటికి వెళ్ళిపోతున్నాడు. కాబట్టి ఆ రోజు తప్పితే ఆ సన్నివేశం లేదు. ఈ సంగతి నాకు ముందే చెప్పారు. తెలియదని అనడానికి లేదు.

దీపావళి వెళ్ళిన మొదటి సోమవారం, కార్తీక సోమవారం. ముందురోజే గడియారాలు గంట వెనక్కి తిప్పారు, పొద్దు తొందరగా వాలిపోయే రోజులు. పచ్చళ్ళ అలమర ముందు కెమెరా పెట్టారు. కార్తీకం కదా అని మేము, ఆ వీధిలో మరే కొట్లోనూ లేని ఉసిరికాయ సీసాలు తెచ్చి, ఉన్నవన్నీ మధ్య అర నిండా పేర్చి ఉన్నాం. కారం కలపని ఆ ఉసిరికాయల లేత ఆకుపచ్చ ముందు ముసలాయన గోధుమరంగు కోటు ఎంత బాగా కనబడిందో నాకే అర్థమైంది. ఆయన లోపలికి రావడం, నా ముందు నిలబడటం, మాటలు మొదలుపెట్టడం, ఇదంతా తీసేసరికి ఒంటిగంట అయింది. నాకు మాటలేమీ లేవు, వినడమే నా వేషం. తన భార్య ఉల్లిపాయలు తరుగుతూ రేడియోకి ఎలా బదులు చెప్పేదో చెబుతున్నాడాయన. అది వేషమన్న సంగతి మరిచిపోయి తల ఊపుతూ ఉండిపోయాను. మిగతా సగం, మొహం దగ్గరగా, భోజనాల తర్వాత తీస్తామని అందరూ మేడమీదికి వెళ్ళారు. మా ఆవిడ పులిహోర చేసింది.

కొట్లో నేనొక్కణ్ణే. ఒంటిగంట దాటినా బోణీ లేదు. సెలవు రోజున బోణీ ఏమిటంటారేమో, సెలవు రోజున మేము కొట్లో ఉండం. తలుపు తీసి, గల్లాపెట్టె ముందు కూర్చుని, దీపం వెలిగించి, బోణీ లేకుండా అంతసేపు నేను పుట్టి ఎరగను. అప్పుడు సగం దించిన షట్టరు కిందినుంచి, అరగంట ప్రయాణం దూరంలోని ఎడిసన్‌లో ఉండే ఒకావిడ, మాకు పాత ఖాతాదారు, తల వంచి లోపలికి వచ్చింది. సాయంత్రం వాళ్ళింట్లో పేరంటం, వచ్చినవాళ్ళకు తలా ఒక ఉసిరికాయ పచ్చడి సీసా తాంబూలంలో పెడతానని అనుకుందట. "తెరిచి ఉందో లేదో అనుకుంటూనే వచ్చానన్నయ్యగారూ, ఇరవైనాలుగు కావాలి, కాదనకండి." పొద్దున్నుంచి ఉపవాసం ఉన్న మనిషి, నుదుట రూపాయంత కుంకుమ, కార్తీక సోమవారం, మొదటి బేరం. అలాంటి మనిషిని ఉత్తచేతుల్తో పంపితే ఆ ఏడాదంతా కొట్టు ఏమవుతుందో మా నాన్నగారు నాకు చిన్నప్పుడే చెప్పి ఉన్నారు. కెమెరా నావైపే చూస్తోంది. దాని పక్కనుంచి ఒదిగి వెళ్ళి సీసాలు దించాను.

అక్కడితో ఆగలేదు. అలమరలో సందు కనబడితే మా చేతులు ఊరుకోవు. వెనకనుంచి ఆవకాయ సీసాలు తెచ్చి ఆ ఖాళీ అంతా నింపి, చీటీలన్నీ ముందుకు తిప్పి, గుడ్డతో తుడిచి, వెనక్కి జరిగి చూసుకుని, ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

ఆ అమ్మాయి మెట్లు దిగి, గుమ్మంలో ఆగి, ఒక్క చూపు చూసింది. ఆకుపచ్చ ఉండాల్సిన చోట ఎర్రగా మండిపోతోంది.  అలమర నిండుగానే ఉంది కదమ్మా అని నేనన్నాను, సిగ్గులేకుండా. మా బావగారు వెనకనుంచి వచ్చి, "ఏమోయ్, వాళ్ళకిచ్చింది కొట్టు. ఒక్క రోజు చేతులు కట్టుకుని కూర్చోలేకపోయావూ?" అన్నారు. రెండేళ్ళలో ఆయన నన్నన్న పెద్ద మాట అదే.

ఆ అమ్మాయి అప్పుడే ఒక ఉపాయం చెప్పింది. పచ్చళ్ళన్నీ దించేసి, బోడి అలమర ముందు, పొద్దుటి సగంతో సహా మొదటినుంచి మళ్ళీ తీద్దాం, వెలుతురు ఇంకా మూడు గంటలు ఉంటుందని. అది విని ఊరుకుని ఉంటే ఈ జ్ఞాపకం రాసే పనే ఉండేది కాదు. కానీ చేసిన తప్పును నేనే దిద్దాలి, దిద్ది మెప్పు కూడా పొందాలి గదా. ఒక్క గంట ఇవ్వండి, సీసాలు ఎక్కడివక్కడ తెచ్చి పెడతానన్నాను. ఆవిడ గడియారం చూసుకుంది. నేను మాటమీద మాట వేశాను. బేరంలో ఎదుటివాడు మెత్తబడే క్షణం నాకు తెలుస్తుంది, తెలిసింది, గెలిచాను.

వ్యాను తీస్తూ ఫోను చేస్తే ఎడిసన్ ఆవిడ నవ్వింది. "అమ్మిన సరుకు వెనక్కి అడగడం ఎక్కడైనా ఉందా అన్నయ్యగారూ? అదీ కార్తీక సోమవారం పూట!" టర్న్‌పైక్ రహదారి మీద ఏదో లారీ తిరగబడి బండ్లన్నీ నిలిచిపోయాయి. నేను ఆవిడ గుమ్మం ఎక్కేసరికి మూడు కావస్తోంది, ఆరు సీసాలు ఇరుగుపొరుగుకు అప్పుడే వెళ్ళిపోయాయి. మిగతా పద్దెనిమిదికి బదులు మరి తాంబూలంలో ఏం పెట్టుకోవాలంది. తలా ఒక కొబ్బరికాయ, అచ్చు బెల్లం పంపుతానన్నాను. "తమలపాకులు కూడా పంపండి, ఊరికే." సరేనమ్మా అన్నాను. జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఒప్పుకున్నాను, అంత తొందరలోనూ ఆ సంగతి గుచ్చుకుంది.

తిరిగి వచ్చేసరికి నాలుగుంబావు దాటింది. పెద్దాయన కోటు విప్పకుండా బియ్యం బస్తాల మీద కూర్చుని ఉన్నాడు, పెదవులు కదులుతున్నాయి. దాదాపు మూడు గంటలుగా అలాగే ఉన్నాడట, ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఎత్తి వారించేవాడట. ఆ అమ్మాయి పొద్దుట తీసుకున్న ఫొటోలు చేత్తో పట్టుకుని ఒక్కొక్క సీసానే ఏ కోణంలో ఉండేదో ఆ కోణంలో పెట్టుకుంటూ వచ్చింది. చివరి వరసకు ఆరు తక్కువ. ఆ ఖాళీని ఆయన భుజం వెనక దాచేద్దాం అనేసరికి కిటికీలోంచి వెలుతురు పోయింది. ఉన్న రెండు లైట్లతో ఆ వెలుతురు రాదు. పెద్దాయన లేవబోయి, మోకాళ్ళు పట్టేసి, మళ్ళీ కూర్చున్నాడు. ఆవిడ ఆయన పక్కన బస్తామీద కూర్చుని ఏదో చెప్పింది, ఆయన తల ఊపాడు. ఆఖరికి ఆ రోజు తీసింది ఒక్కటే ముక్క: ఆయన ఏమీ మాట్లాడకుండా తలుపు తోసుకుని, వీధి దీపాల్లోకి, మనవైపు వీపు పెట్టి నడిచి వెళ్ళిపోవడం.

ఆ చలికాలం గడిచాక మిగతా సగం తీద్దామనుకున్నారు. మార్చి రాకముందే ఫ్లోరిడాలో ఆయన పోయాడు.

సినిమాను ఆ అమ్మాయి ఉన్నదానితోనే ముగించింది. రెండు మూడు చిన్న చిత్రోత్సవాల్లో వేశారు, ఎవరూ కొనలేదు. కానీ చూసినవాళ్ళంతా ఆ చివరి నడకను మెచ్చుకున్నారు. మాట లేకుండా ఎంత చెప్పాడో అన్నారట. ఇంకేం, నాకు కావలసింది దొరికింది. నేను సీసాలు అమ్మకపోతే ఆ నడక ఉండేదా? ఆవిడ రెండువేల ఆరులో లాస్‌ఏంజెలిస్ వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఒక ఆసుపత్రి సీరియల్లో ఒక భాగానికి దర్శకత్వం ఇచ్చారని తెలిసింది, ఆపైన ఏటా నాలుగైదు, వేరువేరు సీరియల్స్. పేరు పెరిగిన కొద్దీ నా కథ పెరిగింది.

రెండేళ్ళ కిందట న్యూయార్కులో ఏదో తీయడానికి వచ్చి, సెలవు దొరికిన పూట కొట్టుకు వచ్చింది. కణతల దగ్గర నెరిసింది, చూపు మాత్రం అదే. ఇంగువ ఇప్పుడు కింది అరలోకి దిగిందేమిటంది. టీ తాగుతూ టీవీలో డైరెక్టరు బతుకు ఎలా ఉంటుందో చెప్పింది. సీరియల్ రాసేవాళ్ళే యజమానులు, నటులు ఏళ్ళ తరబడి అవే వేషాల్లో ఉంటారు, డైరెక్టరు మాత్రం భాగానికొకరు మారతారు. నా భాషలో చెప్పాలంటే కొట్టు వాళ్ళది, సరుకు వాళ్ళది, గుమాస్తాలు వాళ్ళవాళ్ళు; ఈవిడ వచ్చి ఎనిమిది రోజులు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఏ గుమాస్తాకూ కోపం రాకుండా, అయినా తన చెయ్యి పడిందని తెలిసేలా వ్యాపారం చేసి, లేచి వెళ్ళిపోవాలి. ఇన్నేళ్ళలో సొంత సినిమా మళ్ళీ తీయలేకపోయానని కూడా మామూలుగానే అంది.

ఇంతలో ఒక పాత ఖాతాదారు వస్తే, ఆవిడ ఎదురుగానే, ఆవిడకూ తెలిసేలా ఇంగ్లీషులో, నా కథ చెప్పేశాను, చివరి మాటతో సహా. ఆయన ఆవిడతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టి, బేరం లేకుండా ఒకటి చెప్పనా అంది.

మొదటి అవకాశం ఇచ్చిన నిర్మాత ఆ సినిమా చూడనే లేదట. ఆరేళ్ళు తన సెట్లమీద మూలన కుర్చీ వేసుకుని, ఏ ముక్క దేనికి అతుకుతుందో అందరికన్నా బాగా చెప్పే మనిషి అని ఇచ్చాడట. నడక బాగుందన్నవాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళకు ఆ సినిమాలో ఏం లేదో తెలియదు అంది. అప్పుడు నేను, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగనిది అడిగాను. ఆయన భార్య కొనేది ఏమిటి, రెండో సగంలో ఏముంది అని. తనకూ తెలియదంది. మొదటి సగమే తను రాసింది. రెండో సగం, నలభై ఆరేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి గురించి, నా మాటల్లో చెబుతాను, కెమెరా తిరిగేదాకా నన్నడక్కు అన్నాడట పెద్దాయన. ఆ మధ్యాహ్నం బస్తాల మీద పెదవులు కదిలించుకుంటూ కూర్చున్నది అందుకని.

ఆ ఏడాదే బావగారికి మోకాళ్ళ ఆపరేషనయింది, తర్వాతి ఏడు కొట్టు అమ్మేశాం. ఇప్పుడక్కడ అద్దాలు బిగించి జిమ్ పెట్టారు. సరుకులు తలుపు దగ్గరికే పెట్టెల్లో వస్తున్నాయి. అన్నిటికన్నా నాకు తరచుగా తట్టేది మరొకటి. ఇప్పుడైతే ఆ కొట్లో ఉన్న పదిమంది జేబుల్లోనూ కెమెరా ఉండేది. తనలో తను మాట్లాడుకుంటున్న ఒక ముసలాయనను చూసి ఎవరో ఒకరు, సరదాకైనా, దగ్గరికి వెళ్ళి పట్టి ఉండేవారు. అప్పుడు కెమెరా ఒక్కటే. దాన్ని నాకోసం మూడు గంటలు ఆపి ఉంచారు.

లెక్క చూస్తే ఇదీ. ఆవిడ పైకి రావడంలో నా చెయ్యి లేదు. ఆవిడ సినిమాలో ఒక సన్నివేశం తగ్గింది, అది పూర్తిగా నా చేతిమీదుగానే. ఇక ఆ పెద్దాయన తన ఇల్లాలి గురించి చెప్పాలనుకున్న మాటలు ఏ కెమెరాలోకీ ఎక్కలేదు, ఏ చెవినా పడలేదు. వాటిని వినడానికని ముందుగానే ఒప్పుకుని, చెయ్యి కలిపి, గల్లాపెట్టె దగ్గర నిలబడినవాణ్ణి నేను.